పొట్టి రన్‌వే మీద పెద్ద విమానం

తూరుపు తెల్లబడగానే, సూర్యుడు రాకముందే లేవాల్సిన విమానం అది. ఈ ఒక్క ముక్క ముందే చెప్పేస్తే, తర్వాత జరిగినదానికి ఎవరు జవాబుదారో నేను వేలెత్తి చూపించక్కర్లేదు.

మా ఎడారి ఊరు తిన్‌జారాకి మామూలుగా వచ్చేది పంకాలు తిరిగే చిన్న విమానం. మా రన్‌వే దాని కొలతకి వేసిందే. ఒక చివర రాళ్ల గుట్ట, ఇంకో చివర ఇసుక. ఆ ఏడు మౌలూద్ పండగ, ప్రవక్త పుట్టినరోజు, ఎండలు తగ్గకముందే వచ్చింది. పండగకి ఉత్తరాది నుంచి దిగిన చుట్టాలందరూ ఒక్కసారే తిరుగుప్రయాణం కట్టేసరికి, రాజధాని నుంచి పెద్ద జెట్ విమానాన్ని పంపించారు. అది ముందురోజు సాయంత్రం ఖాళీగా వచ్చి దిగింది. ఊళ్లో ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని కంచెదాకా వెళ్లి చూసొచ్చారు. "దీని కడుపులో మన వీధి వీధంతా పడుతుందే" అని మా పక్కింటి పెద్దావిడ లల్లా తామా తేల్చేసింది.

మావాళ్ల పొరపాటు అక్కడే మొదలైంది. మా వైపు ప్రయాణం పోయేవాళ్ల చేతికి అమానత్ ఇస్తారు. ఫలానా వీధిలో ఉన్న నా కూతురికి ఇది అందించు, ఫలానా కొట్లో పనిచేసే నా తమ్ముడికి అది ఇవ్వు అని. తీసుకోనని అనడం ఎవరికీ తెలీదు. చేతిలో పెట్టాక అది మోసేవాళ్ల మెడమీద ఉన్నట్టే. అందించేదాకా దించకూడదు. దారిలో దించేసినవాళ్ల మాట ఊళ్లో మళ్లీ చెల్లదు. చిన్న విమానం కదా అని ఇన్నాళ్లూ ఒక డబ్బా ఖర్జూరాలతో సరిపెట్టుకున్నవాళ్లు, పెద్ద విమానం వచ్చిందనేసరికి మట్టికుండలు, ఎండు టమాటాల బస్తాలు, ఉన్ని పరుపులు బయటికి తీశారు. పెద్దదైతే ఎంతైనా మోస్తుందనే అందరి లెక్క. నాదీ అదే లెక్క.

లల్లా తామా నాకు తిరగలి ఇచ్చింది. పై రాయీ, కింది రాయీ రెండూ, గోనెలో కట్టి.

"రాజధానిలో పిండి దొరకదా లల్లా?" అన్నాను.

"దొరుకుతుంది. ఆ మర పిండి తిని నా కూతురు ఎలా అయిపోయిందో నువ్వు చూళ్లేదు."

"పసిపిల్లతో వెళ్తున్నా కదా."

"నీ పిల్ల కోసం పొద్దునా సాయంత్రం దువా చేస్తున్నానే, ఎంబార్కా. అది బరువని నేనెప్పుడైనా అన్నానా?"

తీసుకున్నాను.

మా సిహామ్‌కి గుండెలో చిల్లు ఉంది. ఏడిస్తే పెదాలు నీలమవుతాయి, ఇంకాస్త ఏడిస్తే గోళ్లు. రాజధాని ఆస్పత్రికి ఏడాదికోసారి బయటిదేశం డాక్టర్లు వచ్చి వారంపాటు పసిపిల్లల గుండెలు కోసి బాగుచేసి వెళ్లిపోతారు. ఆ వారంలో ఆఖరి రోజు మా పిల్ల వంతు. అంటే మర్నాడు పొద్దున. వంతు తప్పితే మళ్లీ ఏడాది. ఏడాది ఆగే గుండె కాదని మా ఊరి డాక్టరమ్మ నా మొహమ్మీదే చెప్పింది. దాని నాన్న బెల్ఖీర్ ఎక్కడో గ్యాస్ బావుల దగ్గర పనిలో ఉన్నాడు, సెలవు దొరకలేదు. అందుకని నేనూ పిల్లా మాత్రమే. నేను అంతకుముందు విమానం ఎక్కింది లేదు.

తెల్లారుజామున ఫజర్ నమాజు వేళకే మమ్మల్నందర్నీ లోపలికి ఎక్కించేశారు. ముందు వరసలు ఖాళీగా ఉంచి, మమ్మల్ని వెనక నుంచి సర్దుకుంటూ వచ్చారు. గాలి చల్లగా ఉంది, పిల్ల నిద్రపోతోంది. బయల్దేరతారనుకున్నాను. బయల్దేరలేదు.

ముందు వరసలవాళ్లు రావాలట.

వాళ్లెవరంటే, మా రన్‌వేని పొడిగిస్తామని శంకుస్థాపన చేయడానికి రాజధాని నుంచి అంతకుముందే చిన్న విమానంలో వచ్చిన పెద్దమనుషులు. నవ్వాలో ఏడవాలో తెలీదు నాకు. పెద్ద విమానాలకి మన రన్‌వే చాలదు, పొడిగించాలి అని ముందురోజు వాళ్లే మైకులో చెప్పారు. రాయి మీది గుడ్డ తీశారు, చప్పట్లు కొట్టారు. ఇలాంటి రాళ్లు మా రన్‌వే చివర ఇదివరకే రెండున్నాయి. ఒకదాని మీద మా మేకలు వీపు గోక్కుంటాయి. ప్రతి రాయికీ ఊరు గొర్రెల్ని కోసి పెట్టింది, రన్‌వే మాత్రం జానెడు పెరగలేదు. ఈసారి పొద్దుటి విందు కూడా కావాలన్నారట. గొర్రె నెమ్మదిగా కాలుతుంది. వాళ్లు నెమ్మదిగా తిన్నారు. తిన్నాక టీ. మా వైపు టీ మూడుసార్లు పోస్తారు, మొదటి గ్లాసుకే లేచి వెళ్లడం మర్యాద కాదు. ఆ మర్యాద వాళ్లకి ఆ రోజే గుర్తొచ్చింది.

ఈలోగా సూర్యుడు వచ్చాడు. విమానం రేకు కాలడం మొదలైంది. గాలాడే మిషను ఆన్ చేస్తారు, ఆపేస్తారు. నేను పిల్ల తలకి తడిగుడ్డ వేసి, ఊపిరి చూసుకుంటూ, పాలు పడుతూ, గాజుకిటికీలోంచి దారివైపు చూస్తూ కూర్చున్నాను. నా పక్క సీట్లో బా సాలెమ్. మా ఊరి కోటగోడ అవతల తోట ఉన్న ముసలాయన. కంటి ఆపరేషన్‌కి వెళ్తున్నాడు.

"విమానం ఎగిరిందా అమ్మాయ్?" అన్నాడు ఒకసారి.

"లేదు బా."

"మరి ఈ వేడేంటి? సూర్యుడి దగ్గరికి వచ్చేశామేమో అనుకున్నా."

చివరికి కార్లు వచ్చాయి. వాటి వెనక ఒక ట్రక్కు. ట్రక్కులోంచి ఖర్జూరం పెట్టెలు, చుట్టచుట్టిన తివాచీలు, ఇసుక గులాబీలు దించి విమానం కడుపులోకి ఎక్కించారు. ఇసుక గులాబీలంటే పువ్వులు కావు, మా ఎడారిలో దొరికే రాళ్లు. పువ్వు ఆకారంలో ఉంటాయంతే. అందులో ఒకటి ఎంతుందంటే నలుగురు పట్టుకుని, దారిలో రెండుసార్లు దింపి, మళ్లీ ఎత్తారు. అది ఏదో కార్యాలయం వాకిట్లో అలంకారానికట. పెద్దమనుషులు చేతులు తుడుచుకుంటూ ముందు వరసల్లో కూర్చున్నారు. వాళ్ల పెద్ద, సి లఖ్దర్, అంటే లఖ్దర్‌గారు, మా అందరివైపు తిరిగి సలాం చెప్పాడు. మర్యాదస్తుడే.

తలుపు వేస్తారనుకుంటే, మా విమానాశ్రయం మేనేజరు సి అబ్దెన్నూర్ లోపలికి వచ్చాడు. మా ఊరివాడే. మెడకి టై కట్టుకుంటాడు కాబట్టి అందరూ కొంచెం జరిగి దారిస్తారు. ముందు వరసలు చూడకుండా దాటుకుని వెనక్కి వచ్చాడు. వేలితో చూపిస్తూ వచ్చాడు. నువ్వు, నువ్వు, మీరిద్దరూ. బా సాలెమ్‌ని చూపించాడు. తర్వాత నన్ను.

"కొంచెం దిగాలి చెల్లెమ్మా. తర్వాతి విమానంలో పంపిస్తాను."

"తర్వాతి విమానం ఎప్పుడు?"

"వచ్చేవారం. ఇన్షా అల్లా."

పిల్లని ఇంకొంచెం దగ్గరికి పట్టుకున్నాను. "నేనెందుకు దిగాలి?"

"విమానం బరువెక్కువైంది. ఎండకి గాలి పల్చబడుతుంది, రెక్కలకి పట్టు దొరకదు. లేవాలంటే ఇంకా దూరం పరుగెత్తాలి. అంత రన్‌వే మనకి లేదు. పదిహేనుమందైనా దిగాలి. ఇవన్నీ నీకు చెప్పినా అర్థం కావులే."

"అర్థమయ్యాయి. తెల్లారుజామున అయితే రన్‌వే చాలేదా?"

ఆయన టై సర్దుకున్నాడు. "తెల్లారుజాము సంగతి వేరు."

"తెల్లారుజామున మేమందరం ఇక్కడే ఉన్నాం సి అబ్దెన్నూర్. లేనిదెవరు?"

"గొంతు పెంచకు. బెల్ఖీర్ భార్యవి కదూ నువ్వు? వాడు నెమ్మదస్తుడు."

"పెంచలేదు. నేను గొంతు పెంచితే పిల్ల లేస్తుంది. లేస్తే ఏడుస్తుంది, ఏడిస్తే నీలమవుతుంది. రేపు పొద్దున దాని గుండె కోస్తారు. నేను దిగను."

"అందరికీ ఏదో ఒక పని ఉంటుందమ్మా," అని ఆయన గొంతు తగ్గించాడు. "నీ సామాను బరువు కూడా చూశాను. ఆ గోనెలో ఏముంది, రాళ్లా? దొరికిందే సందని నువ్వు రాళ్లు తెచ్చుకుని, నన్ను అడుగుతావేం?"

సిగ్గేసింది, నిజమే. సిగ్గు వెనకే మంట లేచింది. రాళ్లు తెచ్చింది నేనొక్కదాన్నేనా?

"నన్ను దించితే ఏం తగ్గుతుందయ్యా," అన్నాడు బా సాలెమ్. "ఎముకలూ, ఈ తలపాగా గుడ్డా. దాన్ని కావాలంటే ఇక్కడే విప్పేస్తా."

వెనక ఎవరో నవ్వారు. సి అబ్దెన్నూర్ నవ్వలేదు. ఆయన చూపించిన వాళ్లందర్నీ నేను చూశాను. ముసలివాళ్లు, మగతోడు లేని ఆడవాళ్లు, పొలాల్లో నీళ్లు కట్టే ఇద్దరు. ఎదురుచెప్పనివాళ్లని ఏరుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్లు అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. మావాళ్లకి లేవమంటే లేవడమే అలవాటు.

"కూర్చోండి," అన్నాను వాళ్లతో. నేనే అన్నానా అని నాకే అనిపించింది.

అప్పుడు కెప్టెన్ వచ్చాడు. తెల్లచొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. "ఇంకా ఎంతసేపు?" అన్నాడు మేనేజరుతో. "ఎండ పెరిగేకొద్దీ నేను ఇంకా తగ్గించమంటాను. సాయంత్రందాకా ఆగుదామంటే, వేడి తగ్గేసరికి చీకటి పడుతుంది, మీ రన్‌వేకి దీపాలు లేవు."

"మనుషులు సహకరించడం లేదు సార్."

నేను లేచి నిలబడ్డాను. "అన్నా, నన్నొక మాట అడగనివ్వు. మీకు మనుషులే దిగాలా, బరువు దిగాలా?"

ఆయన నా వైపు, పిల్ల వైపు చూశాడు. "నాకు పన్నెండు వందల కిలోలు దిగాలి. అవి మనుషులైనా ఒకటే, ఇనుమైనా ఒకటే. ఏవి దించాలో చూసేది నేలమీదివాళ్లు."

"సామాను దించడానికి టైం పడుతుంది సార్," అన్నాడు మేనేజరు. "మనుషులైతే వాళ్లే నడిచి దిగుతారు."

ఆ మాట ఆయన నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో. బస్తాలకి కాళ్లు లేవు కాబట్టి బస్తాలు రాజధానికి పోతాయి. మాకు కాళ్లున్నాయి కాబట్టి మేం దిగాలి.

"టైం పట్టినా నేను ఆగుతాను," అన్నాడు కెప్టెన్. "కానీ త్వరగా."

నేను మావాళ్ల వైపు తిరిగాను. "మనం తెచ్చిన అమానత్‌లన్నీ దించేద్దాం. ఎవరి బట్టలు వాళ్లు ఉంచుకుందాం. చాలు."

విమానంలో ఎంత వేడి ఉన్నా, నా మాటకి అందరూ ఒక్కసారి చల్లబడిపోయారు.

"అమానత్ దించడమా? ఊళ్లో ముఖం ఎలా చూపిస్తావే?" అంది నా ముందు సీటావిడ.

"నా దగ్గరున్నది ఇమాంగారి తమ్ముడికి వెళ్లే బస్తా. ఆయనకి ఏం చెప్పమంటావు?" అన్నాడు ఇంకొకాయన.

"నిజమే చెప్పండి. బస్తాని దించామనీ, మనిషిని దించలేదనీ చెప్పండి."

"చెప్పడం సుళువే. నీది దించుతావా?"

"నాదే ముందు."

మెట్లు దిగాను. సిమెంటు నేల చెప్పుల్లోంచి కాలింది. పిల్లని షాల్ కింద దాచి రెక్క నీడలో నిలబడి, గోనె ఎలా ఉంటుందో సామాను మోసేవాళ్లకి చెప్పాను. వాళ్లు దాన్ని లాగి కింద పడేశారు. రాయి మీద రాయి మోగింది. లల్లా తామా మొహం కళ్లముందు కనబడింది. ఆవిడ నాతో మాట్లాడదు, నా పిల్లకి దువా చేయడం కూడా ఆపేస్తుందేమో అని భయమేసింది. మేం మోయడానికి పుట్టాం, దించడానికి మాకే సిగ్గు. దించమని చెప్పేవాడికి సిగ్గు లేదు. ఇదెక్కడి న్యాయమో నాకు తెలీలేదు. అయినా తీసుకెళ్లి కంచె పక్కన పెట్టమన్నాను.

తల ఎత్తేసరికి మెట్ల మీద బా సాలెమ్ తడుముకుంటూ దిగుతున్నాడు. "నాదీ తీయండి నాయనా. ఎర్ర తాడు కట్టిన డబ్బా. ఏ రంగో నాకు కనబడదు గానీ ఎరుపని చెప్పారు."

ఆయన వెనక ముందు సీటావిడ, గొణుక్కుంటూనే. ఆవిడ వెనక ఇంకొకరు. ఇమాంగారి బస్తా ఆయన అందరికంటే ఆఖర్న వచ్చి, చాలాసేపు బస్తా మీద చెయ్యి పెట్టి నిలబడి, "ఎత్తండి ఎత్తండి" అన్నాడు కోపంగా, మేమే ఆపుతున్నట్టు. కుండలు, పరుపులు, టమాటాలు, డబ్బాలు. కాటా మీద ఒక్కొక్కటే పెడుతుంటే కెప్టెన్ పక్కన నిలబడి చూశాడు.

సగానికి కొంచెం ఎక్కువ వచ్చింది. మిగతాది రాలేదు. మా దగ్గర దించడానికి ఇంకేం లేవు, కట్టుబట్టలు తప్ప.

"మరిప్పుడు ఐదారుగురు దిగితే చాలు," అన్నాడు సి అబ్దెన్నూర్, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు. మళ్లీ నా వైపే చూశాడు.

"ట్రక్కులోవి ఉన్నాయిగా."

"అవి ముట్టుకోవద్దు. అవి బహుమతులు."

"ఎవరిచ్చినవి?"

"ఊరు."

సిహామ్ అప్పుడే లేచింది. మొహం ముడుచుకుంది. ఏడుపు రాబోయే ముందు దాని కింది పెదవి వణుకుతుంది, అది నాకు తెలుసు. భుజానేసుకుని మెట్లెక్కాను. వీపు నిమురుతూ, లోపల ఏదో కూనిరాగం తీస్తూ, సరాసరి ముందు వరసలోకి వెళ్లి సి లఖ్దర్ ముందు నిలబడ్డాను. ఆయన చల్లటి నీళ్ల సీసా నుదుటికి ఆనించుకుని కూర్చున్నాడు.

"అయ్యా, మీ పెట్టెలూ ఆ రాయీ దించితే మేమందరం వెళ్తాం. లేకపోతే నా పిల్ల ఉండిపోతుంది."

"అమ్మా, నాకు అభ్యంతరమా?" అన్నాడు ఎంతో మెత్తగా. "కానీ అవి మీ ఊరు ప్రేమతో ఇచ్చినవి. వదిలేసి వెళ్తే మీ ఊరిని అవమానించినట్టు కాదూ?"

"మా ఊరు అంటే మేమే కదయ్యా. మేం తిరిగి తీసుకుంటున్నాం. మాకేం అవమానం లేదు."

ఆయన పక్కనున్నవాడు, "ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?" అన్నాడు.

"రన్‌వే చాలదని చెప్పడానికి వచ్చినవాళ్లతో," అన్నాను. "చాలదని నిన్న మైకులో చెప్పారు, ఇవాళ విమానంలోకి రాళ్లెక్కించారు. తెల్లారుజామున వచ్చుంటే ఉన్న రన్‌వేనే చాలేది. మీరు టీ తాగుతుంటే అది పొట్టిదైపోయింది. మీ టీకి నా పిల్ల దిగాలా?"

అప్పటికి పిల్ల ఏడవనే ఏడ్చింది. పెద్దగా కాదు. దాని ఏడుపు ఎప్పుడూ పెద్దగా ఉండదు, ఊపిరి చాలదు. సి లఖ్దర్ దాని పెదాల వైపు చూశాడు. ఆ నీలం మొదటిసారి చూసినవాళ్లు ఎవరూ రెండోసారి చూడలేరు. ఆయన తల తిప్పుకున్నాడు. నా వెనక బా సాలెమ్, ముందు సీటావిడ, ఇమాంగారి బస్తా ఆయన, అందరూ వచ్చి నడవలో నిలబడ్డారు. ఎవరూ కూర్చోలేదు.

"దించమనండి," అన్నాడు చివరికి, నాతో కాదు, సీసాతో చెప్తున్నట్టు.

ఇసుక గులాబీని దించడానికి మళ్లీ నలుగురు కావాల్సొచ్చింది. అందులో రెండు రేకలు విరిగాయి. సి అబ్దెన్నూర్ ఆ ముక్కలు ఏరుకుని జేబులో వేసుకోవడం నేను చూశాను. కెప్టెన్ కాటా చూశాడు, కాగితం చూశాడు, ఆకాశం చూశాడు. ఇంకో రెండు తివాచీలు దించమన్నాడు. తర్వాత తల ఊపాడు.

మా రన్‌వే ఎంత పొట్టిదో ఆ రోజే నాకు తెలిసింది. విమానం ఆ చివరికంటా వెళ్లి, తోక ఇసుకవైపు పెట్టి, కదలకుండా నిలబడి అరిచింది. తర్వాత పరుగెత్తింది. పరుగెత్తుతూనే ఉంది. సీట్లు గజగజలాడాయి. కిటికీలో మేకలు, కంచె, మా సామాన్ల కుప్ప, మూడు శంకుస్థాపన రాళ్లు ఒకదాని వెనకొకటి దాటిపోయాయి. గుట్ట దగ్గరికి వచ్చేస్తోంది. ఎవరో చావు ముందు చదివే కలిమా చదువుతున్నారు. నేను పిల్ల తల నా గడ్డం కింద పెట్టుకున్నాను, కళ్లు మాత్రం మూసుకోలేదు. మూసుకోవాలనిపించలేదు. గుట్ట రాళ్లు విడివిడిగా కనబడేంత దగ్గరికి వచ్చాక నేల మమ్మల్ని వదిలింది.

"ఇప్పుడు ఎగిరిందా?" అన్నాడు బా సాలెమ్.

"ఎగిరింది బా."

"ఇంత కష్టమని తెలిస్తే ఈ మసక కళ్లతోనే బతికేవాణ్ణి."

రాజధానిలో దిగేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. అక్కడి రన్‌వే మీద విమానం ఎంత దూరం పరుగెత్తిందో, ఇంకా ఎంత మిగిలిందో చూస్తే నాకు మళ్లీ ఒళ్లు మండింది. విమానం ఆగగానే అందరం లేచాం. మైకులో అమ్మాయి గొంతు వినబడింది. పెద్దలు దిగి వాళ్ల కార్లు వెళ్లేదాకా దయచేసి అందరూ సీట్లలోనే ఉండాలట.

కొందరు కూర్చున్నారు. కిటికీలోంచి చూస్తే కింద నల్లకార్లు వరసగా ఉన్నాయి. ఆస్పత్రిలో సాయంత్రంలోపు పిల్లని చేర్చుకుని, రక్తం తీసి పరీక్ష చేస్తామన్నారు. ఆలస్యమైతే మర్నాడు ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లరు.

నేను సంచి భుజాన వేసుకుని నడిచాను. ఎయిర్‌హోస్టెస్ అడ్డంగా చెయ్యి పెట్టింది. "కూర్చోండక్కా, కొద్దిసేపే."

"తెల్లారుజాము నుంచి కూర్చునే ఉన్నానమ్మా."

ఆ అమ్మాయి నన్నూ పిల్లనీ చూసి చెయ్యి తీసేసింది. ముందు వరసల దగ్గర నడవ నిండా వాళ్లే. కోట్లు తొడుక్కుంటూ, సంచులు అందుకుంటూ, తలుపు తెరిచేదాకా కబుర్లు చెప్పుకుంటూ ఉన్నారు. సి లఖ్దర్ నా వైపు తిరిగి నవ్వబోయాడు.

"పక్కకి జరగండి," అన్నాను. "పిల్ల నిద్రపోతోంది."

ఆయన పొట్ట లోపలికి లాక్కుని సీటుకి ఆనుకున్నాడు. పక్కనున్నవాడు కూడా జరిగాడు. నా వెనక కర్ర తాటిస్తూ బా సాలెమ్, ఆయన వెనక మావాళ్లందరూ. తలుపు తెరుచుకోగానే ముందు మేం దిగాం. నల్లకార్ల డ్రైవర్లు తలుపులు తీసి పట్టుకుని, మమ్మల్ని చూసి మళ్లీ వేసేశారు.